మేకలు నాటిన తిప్ప

నా పెళ్ళి చేసింది ఒక మేకపోతు. మా ఆవిడ ముందు ఈ మాట అన్నప్పుడల్లా ఆమె నన్ను కింది నుంచి మీదికి ఒకసారి చూసి, "చేసిందో లేదో గానీ పోలిక మాత్రం వచ్చింది" అంటుంది. నేను ఉన్నది ఉన్నట్టు తప్ప చెప్పని మనిషినని ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా కోటిమంది సాక్ష్యం చెప్తారు. అందుకని జరిగింది జరిగినట్టే రాస్తాను.

మా ఊరు ఆళ్లగడ్డకు కూతవేటు దూరం. కూత గట్టిగా వేయగలిగిన వాళ్ళకు మాత్రమే. మామూలు వాళ్ళు బస్సెక్కాలి. ఊరి పక్కన చెరువు, చెరువు నడిమధ్యన తిప్ప. తిప్ప అంటే నీళ్ళ మధ్య తల బయటపెట్టిన మట్టిదిబ్బ. అది సింహళద్వీపమంత ఉంటుందని నా చిన్నప్పుడు నంద్యాల పిల్లలకు చెప్పి నమ్మించాను. నిజానికి ఈ చివర నిలబడి తుమ్మితే ఆ చివర ఉన్నవాడు నూరేళ్ళు అని దీవించేవాడు.

ఆ తిప్ప నిండా నల్లతుమ్మ చెట్లు. తుమ్మల నిండా కొంగలు, నీటికాకులు. ఏటా చెరువు నిండగానే వచ్చి గూళ్ళు కట్టేవి. అవి చేసే గోలకు బళ్ళో అయ్యవారు చెప్పే ఎక్కాలు మాకు వినపడేవి కావు. నాకు పదమూడో ఎక్కం ఇప్పటికీ రాదు. దానికి పూర్తి బాధ్యత నీటికాకులదే. పక్షుల రెట్ట కలిసిన చెరువునీళ్ళు పారే మడుల్లో వరి మనిషెత్తు లేచేదని, కోతప్పుడు నిచ్చెనలు వేసుకునేవాళ్ళని మా నాయన చెప్పేవాడు. అబద్ధాలలో నాకు గురువు ఆయనే.

డెబ్బైలలో ఒక కరువేడు వచ్చింది. చెరువు ఎండిపోయి తిప్ప దాకా బండ్లు పోయేంత గట్టిపడింది. బొగ్గుల బట్టీల ఆయన ఒకడు ఎక్కడి నుంచో కాగితం పట్టుకుని వచ్చి, ఒక్క ఎండాకాలంలో తుమ్మలన్నీ కొట్టి బొగ్గు చేసుకుని పోయినాడు. మరుసటేడు వానలు బాగా పడినాయి, చెరువు నిండింది. కొంగలు వచ్చి రెండు రోజులు బోడితిప్ప చుట్టూ తిరిగి, చిరునామా తప్పు అనుకున్నట్టు తిరిగి పోయినాయి. ఆ ఏటి నుంచి ఎక్కాలు స్పష్టంగా వినపడసాగినాయి గానీ అప్పటికే నేను బడి దాటిపోయినాను.

ఎనభైలు మొదలైన కొత్తలో ప్రభుత్వానికి కొంగలు గుర్తొచ్చినాయి. నీటిపక్షుల ఆవాస పునరుద్ధరణ పథకం అని ఒకటి దిగింది. ఆ పేరు మా ఊళ్ళో పళ్ళున్నవాళ్ళు కూడా ఒక్క గుక్కలో అనలేకపోయినారు. మొదట బోర్డు వచ్చింది. తిప్పలో సగం బోర్డే ఆక్రమించింది. దాని మీద ఒక కాకి వచ్చి కూర్చుంది. పథకం కింద తిరిగొచ్చిన మొదటి పక్షి అదే. తరువాత రేంజరు వచ్చినాడు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, మాటకు ముందొక అండి, వెనకొక అండి, ఇస్త్రీ నలగని ప్యాంటు. ఆయనకు ఒక వాచరు కావాల్సి వచ్చింది. డిగ్రీ రెండుసార్లు రాసి, రెండుసార్లూ ఒకే సబ్జెక్టులో నిలకడగా తప్పిన యువకుణ్ణి నేను ఒక్కణ్ణే ఉన్నాను. రోజుకూలి కింద పెట్టుకున్నారు. నా పని రెండు ముక్కల్లో చెప్పినాడు. మొక్కలకు నీళ్ళు పోయాలి. మేకల్ని తిప్ప మీద అడుగు పెట్టనీయకూడదు. అడవికి గొడ్డలి కంటే పెద్ద శత్రువు మేక అని ఒక అరగంట ప్రసంగించినాడు. కొంగలు మళ్ళీ గూళ్ళు కడితే నన్ను పర్మినెంటు చేయిస్తానని కూడా అన్నాడు.

ఈ పర్మినెంటు అనే మాటకు ఎంత బరువుందో నాకు నంద్యాలలో తెలిసింది. మా పాస్టరుగారు ఒక సంబంధం తెచ్చినాడు. నంద్యాలలో ఒక హెడ్మాస్టరుగారి అమ్మాయి. టీచర్ ట్రైనింగ్ చదువుతాంది. చూపులకు పోయినాం. అమ్మాయి టీ ఇస్తూ, "తిప్ప మీద ఒక్కడివే ఏం చేస్తుంటావు?" అని అడిగింది. కొంగల కోసం కాచుకుని ఉంటానన్నాను. "వస్తాయా?" అంది. నువ్వు వస్తే అవీ వస్తాయి అందామనుకున్నాను. పక్కన హెడ్మాస్టరుగారు ఉన్నందువల్ల తెలుగు సాహిత్యానికి నష్టం జరిగింది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, గంటసేపు మా వంశచరిత్ర విని, ఒకే ఒక ప్రశ్న వేసినాడు.

"పర్మినెంటా?"

పక్షులొస్తే అవుతుందని చెప్పాను.

"పరలోకంలో జీవితం పర్మినెంటని నాకు తెలుసు నాయనా. ఈ లోకం సంగతి తేల్చుకుని రా."

అంటే నా పెళ్ళి కొంగల కాళ్ళ దగ్గర పెట్టి వచ్చినట్టయింది. బస్సులో ఆళ్లగడ్డ చేరేలోపు ఆ అమ్మాయి అడిగిన "వస్తాయా?" నాకు తొమ్మిదివందల సార్లు వినపడింది. ఈ లెక్కలో అతి ఏమీ లేదు.

ఇంక మొక్కల సంగతి. రేంజరుగారు లారీడు జామాయిల్ మొక్కలు తెప్పించినాడు. నర్సరీలో అవే ఉన్నాయట. సన్నగా, నిటారుగా, కొమ్మ అనేది లేకుండా సెలూన్లో దువ్వుకున్నట్టు ఉండే చెట్టు అది. అందులో కొంగ గూడు కట్టాలంటే ముందు మేస్త్రీని పిలవాలి. నేను మొక్కలు నాటుతుండగా కట్ట మీది నుంచి ఒక ముసలాయన చూస్తున్నాడు. మేకల కాపరి. భుజాన గొంగడి, చేతిలో తుమ్మకాయలు దులిపే కొక్కెం కట్టె, వెనక మంద. మందకు ముందర ఒక కొమ్ము విరిగిన పోతు. ఆ పోతు నడక చూస్తే కలెక్టరు కూడా లేచి కుర్చీ ఇవ్వాల్సిందే.

"ఏందప్పా నాటుతాండావు?" అన్నాడు ముసలాయన.

కొంగల కోసం జామాయిల్ అన్నాను.

"తైలం చెట్లా? కొంగలకేమన్నా దగ్గు పట్టుకున్యాదా?"

పథకం గురించి, ఆవాసం గురించి, మేకలనే శత్రువుల గురించి రేంజరుగారి ప్రసంగమంతా అప్పజెప్పినాను. ముసలాయన మర్యాదగా విన్నాడు. పోతు మాత్రం మధ్యలోనే లేచిపోయింది.

ఆ వానాకాలం చెరువు నిండి అంచుల్లో ఉన్న జామాయిలన్నీ మునిగి చచ్చినాయి. ఎండాకాలం చెరువు ఎండి మధ్యలో ఉన్నవి మాడి చచ్చినాయి. మునిగీ చావక మాడీ చావక నాలుగు బతికినాయి. అవి కూడా ఉద్యోగం ఇష్టం లేని గుమాస్తాల మాదిరి ఉన్నాయి. నాకు నంద్యాల దూరమైపోతున్నట్టు తోచింది. ఆ బాధలో నా బుర్రకు ఒక ఆలోచన వచ్చింది. మా సీమలో పుట్టినవాడికి తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన. చేను సారం పోతే మా వాళ్ళు ఏం చేస్తారు? కాపరిని పిలిచి చేన్లో మంద కట్టిస్తారు. నాలుగు రోజులు మంద చేన్లో పడుకుంటే ఆ పెంటికలకు, ఆ ఉచ్చకు రాళ్ళు కూడా మొలకెత్తుతాయి. తిప్ప కూడా చేనే కదా అనుకున్నాను. మేకల్ని రానీయకుండా చూడటం ఒక్కటే నా ఉద్యోగం అనే సంగతి ఆ క్షణాన గుర్తుకు రాలేదు. మనిషి ప్రేమలో ఉంటే మరుపు ఎక్కువ.

ముసలాయన్ను పిలిచినాను. ఆయన నవ్వి, మరి శత్రువుల సంగతేమిటని అడిగినాడు. నాలుగు రోజులు సంధి అన్నాను. కూలి ఏమిటంటే మా ఇంటి జొన్నసంకటి అన్నాను. మంద ఎండిన చెరువు దాటి వచ్చి తిప్ప ఎక్కింది. పోతు ముందుగా పోయి జామాయిల్‌ను వాసన చూసింది. సినిమా వాల్‌పోస్టర్లు మైదాపిండితో సహా తిని అరిగించుకునే ప్రాణి అది. అది కూడా ముక్కు చీది పక్కకు తిరిగింది. ప్రభుత్వ పథకం మీద అంత నిజాయితీగా అభిప్రాయం చెప్పిన వాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

పగలంతా అవతలి వంక గట్ల మీద ముసలాయన తుమ్మకాయలు దులపడం, మేకలు మేయడం, ఆ తరువాత తిప్ప మీదికి వచ్చి నెమరేస్తూ పడుకోవడం. నాలుగు రోజులు అనుకున్నది సంకటి బాగుండటం వల్ల పదకొండు రోజులైంది. జామాయిల్ ఆ మిగిలిన నాలుగూ మేకల తొక్కుడికి పోయినాయి. నేను నెత్తిన చేతులు పెట్టుకున్నాను.

వానలు పడినాక తిప్ప మీద అడుగుపెడితే పెంటికల్లోంచి వేలెడు మొలకలు. వేలు కాదు, లక్షలు కాదు, నంద్యాల జనాభా అంతా లేచి నిలబడినట్టుంది. ముసలాయన వంగి ఒక మొలకను వేలితో తాకి, "తుమ్మప్పా. మావోళ్ళు నాటినారు" అన్నాడు. మేక నమిలి, కడుపులో నానబెట్టి బయటికి వదిలిన గింజ తప్పకుండా మొలుస్తుందట. చెట్టు కింద రాలిన గింజ ఏళ్ళకేళ్ళు రాయి మాదిరి పడుంటుందట. ఇన్ని ఏళ్ళు పల్లెలో పుట్టి పెరిగి ఆ సంగతి నాకు తెలియదు. డిగ్రీలో తప్పడానికి నాకు అర్హత ఉందని అప్పుడు నమ్మకం కుదిరింది.

"ఇంగ మా మందను ఈడికి రానీయొద్దు. నేనొచ్చినా రానీయొద్దు" అని కూడా చెప్పినాడు. మొలక మీద మేక నోరు పడితే ఏమవుతుందో ఆయనకు రేంజరుగారి కంటే బాగా తెలుసు. ముళ్ళకంప తెచ్చి ఆయనే నాకు కంచె వేయించినాడు. పోతు కంచె అవతల నిలబడి, సొంత పొలంలోకి రానీయని రైతు మాదిరి చూసింది.

నాలుగేళ్ళు గడిచినాయి. రేంజరుగారికి నీళ్ళంటే భయం. నీళ్ళు లేకపోతే బురదంటే భయం. అందుకని చెరువుకట్ట మీది నుంచే తనిఖీ చేసేవాడు. కట్ట మీది నుంచి చూస్తే ఏ పచ్చదనమైనా పచ్చదనమే. మొక్కలు ఎట్లున్నాయని అడిగేవాడు. బాగున్నాయని చెప్పేవాణ్ణి. ఆయన రిజిస్టర్లో జామాయిల్ బాగున్నది అని రాసుకునేవాడు. ఇద్దరమూ నిజమే చెప్పుకున్నాం, మధ్యలో చెట్టే మారింది. హెడ్మాస్టరుగారు అప్పుడప్పుడు కార్డు రాసేవారు. దాని మీద క్షేమం అడగడాలు ఉండేవి కావు. పక్షులు వచ్చినవా అని ఒక్క వాక్యం. అడుగున వేరే చేతిరాతలో, సన్నగా, వస్తాయిలే అని ఇంకొకటి.

అయిదో వానాకాలం చెరువు నిండింది. తుమ్మలు రెండు మనిషెత్తులు లేచి, కొమ్మలు చాపి, ఎప్పుడెప్పుడా అన్నట్టున్నాయి. ఒక పొద్దున ఒక తెల్లకొంగ నోట్లో పుల్ల పట్టుకుని తిప్ప మీద దిగింది. పుల్ల తెచ్చిన కొంగంటే పెళ్ళికి ఒప్పుకున్న కొంగ. వారం తిరగకముందే చెట్లన్నీ తెల్లబడినాయి. గోల మొదలైంది. బళ్ళో పిల్లలకు ఎక్కాలు వినపడటం మానేసినాయి. నేను కట్ట మీద కూర్చుని ఏడ్చినాను. ఆ నీళ్ళకు చెరువు ఒక అంగుళం లేచింది.

అప్పుడు కబురొచ్చింది. పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడు. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి, కట్ట మీది నుంచి చూసే రకం కాదట. రేంజరుగారు వణుకుతూ మొదటిసారి పుట్టి ఎక్కినాడు. పుట్టి అంటే తోలు పరిచిన గుండ్రని వెదురుబుట్ట. దాన్ని తోసేవాడికి తప్ప ఎక్కినవాడికి దిక్కులు తెలియవు. నేను ఆయన్ను గుండ్రంగా తిప్పుతూ తిప్ప చేర్చినాను. ఆయన దిగి, తుమ్మల్ని చూసి, చేతిలో రిజిస్టరును చూసి, మళ్ళీ తుమ్మల్ని చూసినాడు.

"జామాయిల్ ఏదయ్యా?"

చచ్చినాయి సార్ అన్నాను.

ఆయన రిజిస్టరు చంకలో పెట్టుకుని ఒక నిర్ణయానికి వచ్చినాడు. "రిజిస్టరు మార్చలేం. తిప్పను మారుద్దాం. ఈ పిచ్చితుమ్మంతా కొట్టించెయ్. నర్సరీ నుంచి పెద్ద జామాయిల్ తెప్పించి పాతేద్దాం. పెద్దాయన వచ్చేసరికి రిజిస్టర్లో ఉన్నట్టు ఉండాలి. లేకపోతే నీ పర్మినెంటు సంగతి మర్చిపో."

మరి పక్షులు సార్ అంటే, పక్షులున్నాయని రిజిస్టర్లో రాస్తానన్నాడు.

మరునాడు గొడ్డలి తీసుకుని తిప్పకు పోయినాను. ఇది రాయకుండా ఉంటే బాగుండునని ఉంది. నేను ఒక చెట్టు కొట్టినాను. నంద్యాల కళ్ళ ముందు కదులుతుంటే కొట్టినాను. కొమ్మ ఒరిగింది, గూడు జారింది, నీలంగా ఉన్న మూడు గుడ్లు బురదలో పగిలినాయి. కొంగ అరవలేదు. పక్క కొమ్మ మీద కూర్చుని ఖాళీ చోటును చూస్తూ ఉండిపోయింది. ఈ ఒక్కచోట నేనేమీ పెంచి చెప్పడం లేదు.

గొడ్డలి చప్పుడు విని ముసలాయన పుట్టి వేసుకుని వచ్చినాడు. పగిలిన గుడ్లు చూసినాడు, నన్ను చూసినాడు. ఎవరు కొట్టమన్నారని అడిగితే అంతా చెప్పినాను. పర్మినెంటు లేకపోతే పిల్లను ఇవ్వరని కూడా. ఆయన గొడ్డలి నా చేతిలో నుంచి తీసుకుని తన భుజాన వేసుకున్నాడు.

"నా మేకలు నీ కన్నుగప్పి వచ్చినాయని చెప్పు. తప్పు నా మీద ఏసుకుంటా. బందెలదొడ్లో పెడితే పెట్టనీ. నీకు పిల్ల వస్తాది, వీటికి పిల్లలు వస్తాయి."

పెద్ద ఆఫీసరు వచ్చిన రోజు పుట్టిలో ముగ్గురం. చెట్లు కొట్టనని, జామాయిల్ మేకల పాలైందని నేను ముందే చెప్పినందుకు రేంజరుగారు జేబులో ఒక కాగితం తయారుగా పెట్టుకున్నాడు. వాచరు నిర్లక్ష్యం వల్ల మేకలు చొరబడి మొక్కల్ని నాశనం చేసినందున అతన్ని తొలగించవలెను అని. ఆ కాగితం రాయించింది నా చేతనే. నా దస్తూరి బాగుంటుందట. తిప్ప మీద దిగగానే ఆయన దాన్ని తీసి చదివినాడు. వింటున్న పెద్దాయన తుమ్మల కిందికి పోయి, నేల మీద కర్రతో గీకి, పాత పెంటికల పొడిని పైకి తీసి చూసినాడు. తల మీద కొంగ రెట్ట వేసినా తుడుచుకోలేదు.

"మేకలు వచ్చినాయా?" అని నన్నడిగినాడు.

ముసలాయన నేర్పిన జవాబు నాలుక చివరనే ఉంది. కన్నుగప్పి వచ్చినాయి సార్. ఆరేళ్ళుగా చూస్తున్న నంద్యాల బస్సు ఆ మాటకు అవతలే ఉంది. కానీ నా కళ్ళు ఆ కొట్టేసిన మొద్దు మీద పడినాయి.

"వచ్చినాయి సార్. నేనే పిలిచినా. మంద కట్టించినా. ఆ ముసలాయన తప్పేం లేదు."

రేంజరుగారు విన్నారా సార్ అన్నట్టు చేతులు తిప్పినాడు. పెద్దాయన నవ్వినాడు. తాను ఉద్యోగంలో చేరినప్పుడు నేర్పిన మొదటి పాఠం ఇదేనట. మేకలకు తుమ్మకాయలు మేపి, దొడ్డి ఊడ్చి, ఆ గింజలు తెచ్చి చల్లడం. ఇప్పుడు దొడ్లు ఊడ్చే ఓపిక ఎవరికీ లేదట. "ఈ కాగితం ఉంటే ఈ చెట్లు ఉండకూడదు. ఈ చెట్లుంటే ఈ కాగితం ఉండకూడదు. రెండూ ఒక ఫైల్లో పట్టవు. ఏది ఉంచుదామంటావు?" అని రేంజరును అడిగినాడు.

రేంజరుగారు ఎంతైనా పైకొచ్చిన మనిషి. శుద్ధి చేసిన తుమ్మ విత్తనం తామే చల్లించామని, వాచరును పురమాయించింది తానేనని అక్కడికక్కడే గుర్తు తెచ్చుకున్నాడు. తిరుగు ప్రయాణంలో ఆయన చేతిలో కాగితం నీళ్ళల్లో పడిపోయింది. నా దస్తూరి కొంతసేపు తేలి మునిగింది.

ఎండాకాలం మొదట్లో ఆర్డరు వచ్చింది. పర్మినెంటు. దాంతోపాటు అదే కవర్లో పర్మినెంటు వాచరుగా నేను చేయాల్సిన మొదటి పని కూడా వచ్చింది. తిప్ప రక్షిత ప్రాంతమైంది కాబట్టి చుట్టుపక్కలకు మంద తోలకూడదని కాపరికి నోటీసు. ఆ తిప్పను పుట్టించిన మనిషికి ఇవ్వమని ప్రభుత్వం నా చేతికి ఇచ్చిన బహుమతి అది. తీసుకుపోయినాను. ఆయనకు చదువు రాదు, చదివి వినిపించమన్నాడు. చదివినాను. ఒక్క ముక్క మార్చకుండా చదివినాను. మార్చాలని ఉండింది.

ఆయన గొంగడి దారం ఒకటి పీకి పారేసినాడు. తరువాత అన్నాడు, "నేను చెప్పినదే గదప్పా కాగితంలో రాసినారు. మొలకెత్తినాక మావోళ్ళను రానీయొద్దని." మంద తోలుకుని ఆత్మకూరు వైపు పోతానన్నాడు. ఆ వైపు అడవి అంచున మేత ఉంటుందట. పోయే ముందు నా పెళ్ళి ఎప్పుడని అడిగినాడు.

పెళ్ళి నంద్యాలలో, చర్చిలో. హెడ్మాస్టరుగారు ఆర్డరు కాగితాన్ని పెళ్ళికి వచ్చిన ప్రతివాడికీ చూపించి, ఆఖరుకు పాస్టరుగారి చేత ప్రార్థనలో దాని ప్రస్తావన కూడా చేయించినాడు. ప్రార్థన అయి బయటికొస్తే గేటు దగ్గర కొమ్ము విరిగిన పోతు. ముసలాయన రాలేదు. ఎవరి చేతనో పంపించినాడు. పెళ్ళి విందుకు ఇవ్వమని, మందలో ఇదే పెద్దదని, ఇంకేమీ ఇవ్వడానికి లేదని కబురు. మా బంధువులు, బండి ఆత్మకూరు అనే ఊరి నుంచి లారీ కట్టుకుని వచ్చినవాళ్ళు, పోతును చూసి నా కంటే ఎక్కువ ఆనందపడినారు. నేను అడ్డం పడబోయినాను. హెడ్మాస్టరుగారు నా భుజం మీద చెయ్యి వేసి, "మనస్ఫూర్తిగా ఇచ్చిన కానుక తోసేయకూడదు నాయనా" అన్నాడు. అది అట్లా కాదండీ, ఈ పోతే నాకు మీ అమ్మాయిని ఇప్పించింది అని చెప్పాలనుకున్నాను. కొత్త అల్లుడు పెళ్ళిరోజున అనాల్సిన మాట అవునో కాదో తేలకముందే వంటవాళ్ళు తీసుకుపోయినారు.

తిప్పంతా నాటిన మనిషిని, కాదు, ప్రాణిని, మూడు వందల మంది తిన్నారు. మెత్తగా ఉందన్నారు. మామగారు రెండుసార్లు వేయించుకున్నారు. నేను చారన్నం తిన్నాను. పక్కన కూర్చున్న ఆమె చూసి, ఏమైందని మెల్లగా అడిగింది. మన పెళ్ళి చేసిన పోతును నేనెట్లా తినేదన్నాను. ఆమె తన విస్తట్లో కూర పక్కకు జరిపి, నా చారు గిన్నె తన వైపు లాక్కుంది.